ఐలయ్య పేరు మీద

మంగళవారం పొద్దున కొబ్బరికాయ బుట్ట పట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని రుక్మిణమ్మ బజారులో నుంచి నడిచిపోతుంటే మానుకోట దుకాణదారులు లేచి దండం పెట్టేవాళ్లు. "అమ్మ భక్తి సూడుండ్రి, వాన వచ్చినా ఆగదు" అనేవాళ్లు. భక్తా, పాడా! స్టేషన్ రోడ్డు దాటగానే హనుమాన్ గుడి వైపు మళ్లాల్సిన కాళ్లు సర్కారు దవాఖాన వైపు మళ్లేవి. ఆ కొబ్బరికాయ ఏ దేవుడి ముందూ పగిలింది లేదు. ఇంటికొచ్చాక వంటింటి గడప మీద పగిలి పచ్చడయ్యేది. ఏడు నెలల్లో ఆ ఇంట్లో తిన్నంత కొబ్బరి పచ్చడి జిల్లాలో ఏ ఇంట్లోనూ తిని ఉండరు.

కొడుకు ఉమేష్‌కు ముప్పై మూడేళ్లు. వెంకట్రాం సేటుకు పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టిన ఒక్కగానొక్కడు. పుట్టిన నెలలోనే పాత బోర్డు దింపించి 'ఉమేష్ ట్రేడర్స్, కిరాణా హోల్‌సేల్' అని కొత్త బోర్డు రాయించాడు తండ్రి. అప్పటి నుంచి ఆ పేరు మనిషిది కాకుండా పోయింది. పెద్దవంగర నుంచి వచ్చే పల్లె దుకాణాలవాళ్లు కూడా "ఉమేష్‌ల చక్కెర తెచ్చిన, ఉమేష్‌ల నూనె తెచ్చిన" అంటారు. మనిషి ఉమేష్ ఎట్లున్నాడని అడిగిన పాపాన ఎవడూ పోలేదు.

పోయిన చలికాలం అతను ముందు ఆలస్యంగా లేవడం మొదలుపెట్టాడు. తర్వాత లేవడమే మానేశాడు. బలవంతాన గల్లా దగ్గర కూర్చోబెడితే, వచ్చిన గిరాకీ పప్పు ధర అడిగితే ఆ మనిషి మొహంలోకి చూస్తూ ఉండిపోయేవాడు. చివరికి దుకాణం వెనక గదిలో, బెల్లం బస్తాల వైపు మొహం పెట్టి స్టూలు మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. తొమ్మిది రోజులు స్నానం చేయలేదు. అన్నం ముందు పెడితే కలిపి, కలిపి, అట్లాగే వదిలేసేవాడు.

చుట్టాలకు నోళ్లుంటాయి కదా, ఊరుకుంటాయా! బాదం పప్పు నానబెట్టి పెట్టమంది ఒకామె. పొద్దున్నే నడిపించమన్నాడు ఒకాయన. భూపాలపల్లి నుంచి ఆడపడుచు తాయెత్తు పంపింది. ఘనపూర్‌లో ఎవడో స్వామి బూడిద మింగిస్తే ఇంకా ఘోరంగా వాంతులు చేసుకున్నాడు పిల్లాడు. అన్నిటికన్నా రోత పుట్టించే మందు వెంకట్రాం చెప్పాడు.

"పెండ్లి జేస్తె అంత సర్దుకుంటది."

"ఏం సర్దుకుంటది? ఇప్పుడు ఒక్కడు ఏడుస్తున్నడు. అప్పుడు ఇద్దరేడుస్తరు" అంది రుక్మిణమ్మ.

ఆమె భయం వేరు. పద్నాలుగేళ్ల కింద వెంకట్రాం తమ్ముడు గోపాల్ అదే వెనక గదిలో, అదే స్టూలు మీద ఆరు నెలలు కూర్చున్నాడు. ఎవరూ ఏ డాక్టరుకూ చూపించలేదు. ఒకరోజు పొద్దున లేవలేదు. "నిద్రల గుండె ఆగింది" అని బజారుకు చెప్పారు. ఆగిందో, ఆపుకున్నాడో ఇంట్లో నలుగురికే తెలుసు. ఆ నలుగురిలో రుక్మిణమ్మ ఒకతి. మరిది కూర్చున్న చోట కొడుకు కూర్చుంటే ఆ తల్లికి ముద్ద ఎట్లా దిగుతుంది?

"హన్మకొండల పెద్ద డాక్టర్లున్నరట. తీస్కపోదాం" అని మొగుడి మీద పడింది.

"నీకేమన్న సోయి ఉన్నదా? హన్మకొండల అడుగుకొక సుట్టం. ఆ డాక్టర్ల సందులనే మీ అక్క కొడుకు మందుల దుకాణం. పొద్దుగూకెటాళ్లకు జనగామ దాక ఎర్కైతది. ఉమేష్‌కు మెంటలంట అంటరు. ఎవడన్న పిల్లనిస్తడా? కడుపు చింపుకుంటే కాళ్ల మీదనే పడతది."

"మరి సావుమంటవా వాణ్ని?"

వెంకట్రాం తలుపు దగ్గరికి వేశాడు. "సర్కారు దవాఖానకు తీస్కపో. మనోళ్లెవ్వరు అటు దిక్కు రారు" అన్నాడు.

జ్వరమొచ్చినా ఆ గేటు తొక్కని మనుషులకు, దాక్కోవడానికి మాత్రం అది పనికొచ్చింది. బుద్ధి చూడండి!

దవాఖానలో మనసు డాక్టరు గది ఎక్స్‌రే గదికి వెనక, విరిగిన మంచాలు పేర్చిన వసారా చివర ఉంది. ఆ ఒక్క డాక్టరే మానుకోటకూ, జనగామకూ, భూపాలపల్లికీ తిరగాలి. ఇక్కడికి వారం విడిచి వారం మంగళవారం వస్తాడు. పదకొండింటికి వచ్చి ఒంటిగంటకు వెళ్లిపోతాడు. ఆలోపు ఎనభై మంది. ఎనభై మంది బాధలను రెండు గంటల్లో ఎట్లా వింటాడు? వినడు. రాస్తాడు. మరుగుదొడ్డి కంపులో, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రుక్మిణమ్మ మొదటి రోజు మూడు గంటలు నిలబడింది. పక్కన పెద్దవంగర నుంచి వచ్చిన ఒక రైతుకూలీ అవ్వ, బిడ్డ భుజం చుట్టూ చేయి వేసి గోడకానుకుని కూర్చుంది.

"నా బిడ్డ స్పందన. కానుపైన కాడికెల్లి పిల్లను ముట్టుకుంటలేదు. మీరెవలకు చూపియ్యనొచ్చిన్రు?" అని అడిగింది ఆ అవ్వ, గట్టిగా, నలుగురూ వినేటట్టు.

రుక్మిణమ్మ మొహం తిప్పుకుంది. మీకు పరువు లేదా అన్నట్టు చూసింది కూడా. తర్వాత ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా తన మొహాన తానే ఉమ్మేసుకోవాలనిపించేది ఆమెకు.

చీటీ రాసే కౌంటరు దగ్గర ఆధార్ కార్డు అడిగారు. కార్డు సంచిలోనే ఉంది. కానీ కంప్యూటర్లో ఉమేష్ అని ఎక్కించడమంటే దుకాణం బోర్డును తెచ్చి పిచ్చి డాక్టరు గుమ్మానికి వేలాడదీసినట్టే అనిపించింది ఆమెకు. "కార్డు మర్చిపోయినం" అని బయటికొచ్చింది. అక్కడ, గేటు దగ్గర వేపచెట్టు కింద ఉపాయం తట్టింది. ఉపాయం అచ్చంగా ఆమెదే, మొగుడిది కాదు. దుకాణానికి ఫోన్ చేసి ఐలయ్యను రమ్మంది.

ఐలయ్య దుకాణంలో హమాలీ. ఇరవై ఆరేళ్లుగా బస్తాలు మోస్తున్నాడు. ఏ పని చెప్పినా ఎందుకని అడగని మనిషి.

"నీ ఆధార్ కార్డు జర ఇయ్యి ఐలయ్యా. చిన్న సేటుకు గోళీలు తీసుకోవాలె."

"నా కార్డు మీద ఆయనకిస్తరా అమ్మా?"

"ఇస్తరు."

"అయితే తీస్కోండ్రి" అని జేబులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కార్డు తీసిచ్చాడు.

అప్పటి నుంచి ఆ ఏర్పాటు నడిచింది. చీటీ రాసేటప్పుడల్లా ఐలయ్య ఫోన్‌కు ఓటీపీ అంకెలొచ్చేవి. అతను బస్తా దించి, అంకెలు ఒక్కొక్కటే ఫోన్లో చదివి వినిపించేవాడు. చీటీ మీద 'ఐలయ్య, పురుషుడు, 52' అని ఉండేది. ఎదురుగా ముప్పై మూడేళ్ల కుర్రాడు కూర్చునేవాడు. ఆ డాక్టరు మహానుభావుడు ఏడు నెలల్లో ఒక్కసారైనా తలెత్తి, ఇదేమిటయ్యా అని అడగలేదు. "నిద్ర పడుతోందా ఐలయ్యా? ఆకలవుతోందా?" అని చీటీని అడిగేవాడు. ఉమేష్ తల్లి వైపు చూసి "అయితాంది" అనేవాడు.

అయినా మందు మందే కదా. మూడో నెలకు ఉమేష్ స్నానం తనంతట తాను చేశాడు. నాలుగో నెలలో ఒకరోజు కొబ్బరి పచ్చడి తిని, "ఇంకెన్ని రోజులమ్మా గీ పచ్చడి?" అని నవ్వాడు. రుక్మిణమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆరో నెల నాటికి స్టూలు ఖాళీ అయింది. గల్లా దగ్గర కూర్చుని మెల్లగా ధరలు చెప్పేవాడు. తన ఉపాయానికి తానే మురిసిపోయింది ఆ తల్లి.

కొడుకు నాలుగు మెతుకులు తినేసరికి వెంకట్రాం సంబంధాలు మొదలుపెట్టాడు. జనగామలో బట్టల వ్యాపారి సంజీవ, ఆయన కూతురు హిమజ. పిల్ల చదువుకుంది, బంగారు బొమ్మ. ఆ పిల్లకు చెప్పి చేద్దామంది రుక్మిణమ్మ. "చెప్తె చేస్కుంటదా?" అన్నాడు వెంకట్రాం. చెప్పకుండా ఒక ఆడపిల్ల గొంతు కోయడం ఆయనకు తప్పుగా తోచలేదు, వ్యాపారంగానే తోచింది. పెళ్లి చర్చల హడావుడిలో ఒక మంగళవారం దవాఖానకు పోవడం తప్పిపోయింది.

మందు ఆపితే ప్రమాదమని, రాని వాళ్ల ఇంటికి మనిషిని పంపి కనుక్కోవాలని దవాఖానలో ఒక పద్ధతి ఉంది. మంచి పద్ధతే. ఆశా కార్యకర్త కంప్యూటర్లో ఉన్న అడ్రసు పట్టుకుని ఐలయ్య ఇంటికి వెళ్లింది. నల్లా దగ్గర వాడంతా ఉండగా, "ఐలయ్యా, గోళీలు ఏసుకుంటున్నవా? సావాలన్న ఆలోచన మళ్ల వస్తున్నదా?" అని అడిగింది. ఐలయ్య పెళ్లాం చేతిలో బిందె జారిపోయింది. ఐలయ్య కాదనలేదు. కాదంటే అసలు మనిషి ఎవరని అడుగుతారు. "ఏసుకుంటున్న" అన్నాడు, అంతే.

రెండు రోజుల్లో బజారంతా పాకింది. ఉమేష్ ట్రేడర్స్ హమాలీకి పిచ్చంట!

ఆ ఆదివారమే సంజీవ పెళ్లి మాటలకు వచ్చాడు. దుకాణం చూస్తానని, పైనున్న ఇంట్లోకి పోకుండా ముందు కిందనే కూర్చున్నాడు. కాఫీ గ్లాసు పట్టుకుని, "బావగారూ, బజార్ల ఏందో అంటున్నరు. మీ దగ్గర ఒక మెంటలోడు పని జేస్తున్నడంట గద? పైన మా పిల్ల కాపురముండాలె" అన్నాడు.

ఐలయ్య అప్పుడే శనగపప్పు బస్తా భుజాన వేసుకుని లోపలికి వస్తున్నాడు. వెంకట్రాం రెప్ప కూడా వేయలేదు.

"వాడా? వాణ్ని తీసేసిన. ఇయ్యాల్టితోని ఆఖరు" అని, గొంతు పెంచి, "ఐలయ్యా! ఆ బస్తా ఆడ దించి పో. రేపట్నుంచి రాకు. మెంటలోళ్లను పెట్టుకుంటే మాకు పరేషాన్" అన్నాడు.

రుక్మిణమ్మ చేతిలో కాఫీ పళ్లెం ఉంది. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. గల్లా దగ్గర ఉమేష్ ఉన్నాడు. ఐలయ్య బస్తాను గుమ్మంలోనే మెల్లగా దించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగాడు. ఎవరి వైపూ చూడలేదు. సంజీవ తృప్తిగా కాఫీ తాగాడు. ఛీ, ఆ కాఫీ రుక్మిణమ్మ తన చేత్తో కలిపిందే.

మర్నాడు ఉమేష్ గల్లా దగ్గర లేడు. వెనక గదిలో, బెల్లం బస్తాల ముందు స్టూలు మీద ఉన్నాడు. రుక్మిణమ్మ గోళీ, నీళ్లగ్లాసు పట్టుకుని పోతే చేతితో పక్కకు నెట్టాడు.

"అవి ఐలన్నవి గదమ్మా. పేరు ఆయనది, రోగం ఆయనది. దాని కోసం ఆయన్ను ఎల్లగొట్టిన్రు గూడ. నాకేమున్నది? నేను లేనే లేను గద ఏడ."

 పద్నాలుగేళ్ల కింద గోపాల్ కూడా చివరి వారం ఇట్లాంటి మాటే అన్నాడు. "నేనున్నా లేకున్నా ఒకటే వదినా" అన్నాడు. ఆమె అప్పుడు "ఊకో, అన్నం తిను" అంది.

వారం గడిచింది. ఉన్న గోళీలు డబ్బాలో అట్లాగే ఉన్నాయి, పిల్లాడు మాత్రం తరిగిపోతున్నాడు. మళ్లీ డాక్టరు వచ్చే మంగళవారం రేపనగా, సోమవారం పొద్దున రుక్మిణమ్మ ఐలయ్య ఇంటికి వెళ్లింది. క్షమించమని అడగడానికి వెళ్లిందనుకుంటున్నారా? కాదు. రేపు అంకెలొస్తే చదివి చెప్పమని అడగడానికి వెళ్లింది! ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

ఐలయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పెళ్లాం ఆమెను చూసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

"పని దొరికిందా ఐలయ్యా?"

"యాడ దొరుకుతదమ్మా? రైస్ మిల్లుకు పోయిన. మెంటలోడు బస్తా ఎవ్వని మీదనో ఏస్తడన్నరు."

ఆమె అడగాల్సింది అడిగింది.   ఐలయ్య జేబులో నుంచి ఫోన్ తీసి అరుగు మీద పెట్టాడు.

"ఫోనే తీస్కపోండ్రి. బస్తాలు మొయ్యుమన్నరు, మోసిన. గిది గూడ మొయ్యుమన్నరు, మోసిన. చిన్న సేటు మంచిగుండాలె. కని నాకొక్కటి చెప్పుండ్రమ్మా. ఆ పొద్దు మీరు ఆడనే ఉన్నరు గద?"

రుక్మిణమ్మ ఫోన్ ముట్టుకోలేదు. అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి ఆమెకు దవాఖాన మరుగుదొడ్డి కంపు కన్నా పెద్ద కంపు తెలిసింది. అది తన పట్టుచీరలో నుంచి, తన ఇంటి పరువులో నుంచి వస్తోంది. "ఉన్న ఐలయ్యా. ఆడనే ఉన్న. ఉపాయం గూడ నాదే" అని చేతులు జోడించింది. రేపటి నుంచి పనికి రమ్మంది.

"వద్దమ్మా. ఆ మెట్లు ఇగ ఎక్కలేను" అన్నాడు ఐలయ్య.

ఇంటికి రాగానే ఆమె తిన్నగా వెనక గదిలోకి పోయి, బెల్లం బస్తాకూ కొడుక్కూ మధ్య, నేల మీద కూర్చుంది.

"రేపు దవాఖానకు పోదాం బిడ్డా. నీ పేరే రాపిద్దం."

ఉమేష్ తలెత్తలేదు. "బాపు?"

"బాపు ఏమన్న అనుకోని. మీ బాబాయిని ఈ స్టూలు మీదనే పోగొట్టుకున్న. గుండె ఆగలేదు ఆయనకు, నీకు అబద్ధం చెప్పినం. నిన్ను గూడ పోగొట్టుకోను."

అతను "నాకెర్కనే అమ్మా. అందరికీ ఎర్కనే" అన్నాడు.

మంగళవారం ఆమె కొబ్బరికాయ లేకుండా బయల్దేరింది. "ఇయ్యాల గుడికి పోతలేరా?" అని అడిగాడు ఎదురు దుకాణం చిరంజీవి. "ఎన్నడు పోయినం?" అంది. పాపం, అతనికి అర్థం కాలేదు.

కౌంటరు దగ్గర పేరడిగారు. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పను, అన్ని ప్రగల్భాలు పలికిన మనిషికి నాలుక పిడచకట్టుకుపోయింది. వెనక నుంచి ఉమేష్ చెప్పాడు, మెల్లగా, కానీ తనంతట తాను.

"ఉమేష్. తండ్రి వెంకట్రాం. ముప్పై మూడు."

చీటీ వచ్చింది. మందుల దగ్గరుండే నర్సు సునంద దాన్ని చూసి, మొహం చూసి, "మరి ఇన్ని రోజులు ఐలయ్య అన్నరు గద?" అంది. రుక్మిణమ్మ దాచకుండా మొత్తం చెప్పింది. తిడుతుందనుకుంది. ఆమె తిట్టలేదు, అలసిపోయినట్టు నవ్వింది.

"మీరొక్కరేనా అమ్మా? ఈ రిజిస్టరు నిండ అరువు పేర్లే. దొర రోగం పాలేరు పేరు మీద, సేటమ్మ రోగం వంటామె పేరు మీద. మానుకోటల పనోళ్లకే అన్ని రోగాలున్నయని పై ఆఫీసు లెక్కల రాసి ఉన్నది."

"ఆ ఐలయ్య పేరు తీసెయ్యి బిడ్డా. ఆయనకు ఏ రోగం లేదు."

"కంప్యూటర్ల ఎక్కింది తియ్యరాదమ్మా నాకు. అర్జీ పెట్టుండ్రి, పైకి పోవాలె. ఎప్పటికైతదో తెల్వది."

ఆ రోజు డాక్టరు చీటీ మీద మారిన పేరు, వయసు చూసి, మొట్టమొదటిసారి తలెత్తి ఉమేష్ మొహం చూశాడు. సిగ్గుపడ్డాడో ఏమో, పావుగంట మాట్లాడాడు. బయట వరుసలో జనం తిట్టుకున్నారు. వాళ్లదేం తప్పు?

తిరిగొచ్చేసరికి దుకాణం గిరాకీతో నిండి ఉంది. సంజీవ కూడా ఉన్నాడు, ముహూర్తం కాగితం పట్టుకుని. గల్లా పక్కన బిల్లులు గుచ్చే ఇనుప చువ్వ ఉంటుంది. వచ్చిన ప్రతివాడి కళ్లూ ముందు దాని మీదే పడతాయి. రుక్మిణమ్మ సంచిలో నుంచి దవాఖాన చీటీ తీసి, అన్ని బిల్లుల పైన, పేరు కనపడేటట్టు గుచ్చింది.

"సంజీవన్నా, చదువుకో. మా పిల్లగాడు మనసు డాక్టరు మందులు వాడుతున్నడు. ఐలయ్యకు ఏ రోగం లేదు, మేమే అంటగట్టినం. ఇంటికి పోయి హిమజకు చెప్పు. ఆ పిల్లకే చెప్పు, నువ్వు దాచకు."

సంజీవ కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.  వెంకట్రాం మొహం నల్లబడింది. చేయి చాపి చీటీని పీకబోయాడు.

ఉమేష్ తండ్రి మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, చంటిపిల్లవాడి చేతిని వేడి గిన్నె నుంచి పక్కకు తీసినట్టు.

"ఉండనీ బాపు. నా పేరే గద. బయట బోర్డు మీద గింత పెద్దగ రాపిచ్చినవు, అప్పుడు సిగ్గు కాలేదు."

 వెంకట్రాం చేయి దించుకున్నాడు. ఉమేష్ గల్లా దగ్గర కూర్చుని నీళ్లు అడిగాడు. రుక్మిణమ్మ గ్లాసు తెచ్చిచ్చింది. అతను అందరి ముందూ తన గోళీ తాను వేసుకుని, ఎదురుగా నిలబడ్డ మనిషిని "ఏం గావాలె?" అని అడిగాడు. ఐలయ్య దించిపోయిన శనగపప్పు బస్తా ఇంకా ఆ గుమ్మంలోనే ఉంది. అందరూ దాన్ని తప్పుకుని నడుస్తున్నారు.